మూడో వద్దు

2067 అక్టోబరు రెండో ఆదివారం. మధ్యాహ్నం పన్నెండున్నరకు విశాఖపట్నంలోని వారిజ భోజనశాలలో అరవై రెండు బల్లలూ నిండి ఉన్నాయి. తొమ్మిదో బల్ల దగ్గర పుట్టినరోజు జరుగుతోంది. పదో బల్ల దగ్గర అన్నదమ్ములిద్దరు గోడ సరిహద్దు గురించి తగువు పడుతున్నారు. పదకొండో బల్ల దగ్గర ఒకాయన ఫోన్‌లో క్రికెట్ వ్యాఖ్యానం పెట్టుకుని తింటున్నాడు. పన్నెండో బల్ల దగ్గర కూర్చున్న డాక్టర్ హైమవతికి వీటిలో ఏదీ వినపడలేదు. తన చేతిలో అప్పడం విరిగిన చప్పుడు వినపడింది. ఎదురుగా కూర్చున్న భర్త గొంతు వినపడింది.

"అక్టోబర్లో మఫ్లరేమిటండీ?" అని ఆమె అడిగింది.

"కాస్త జలుబు చేసింది," అన్నాడు త్రినాథరావు.

"మందేసుకున్నారా?"

"వేసుకున్నాను. తగ్గిపోతుంది. నువ్వు తిను, చల్లారిపోతోంది."

గొంతు మెత్తగా ఉంది. ఏడాదికి పైగా ఆయన ఇలాగే మాట్లాడుతున్నాడు. వయసు మీద పడి నెమ్మదించాడని హైమవతి అనుకుంటోంది. ఆ మాట ఆయనతో అనలేదు. అంటే మళ్లీ అరవడం మొదలుపెడతాడేమోనని అనలేదు.

త్రినాథరావు పోర్టులో పూడిక తీసే ఓడ, డ్రెడ్జర్ మీద ఇంజనీరు. ముప్పై ఏళ్లు ఇంజన్ గదిలో పనిచేశాడు. అక్కడ మాట పక్కవాడికి చేరాలంటే అరవాలి. ఆ అలవాటు ఇంటికి వచ్చింది, పెళ్లిళ్లకు వచ్చింది, హోటళ్లకూ వచ్చింది. పదకొండేళ్ల కిందట ఒక హోటల్లో ఆయన తన డ్రెడ్జర్ ఇసుకతిన్నె మీద చిక్కుకున్న సంగతి చెబుతున్నాడు. పక్క బల్ల మనిషి లేచి వచ్చి, "మాస్టారూ, ఇది రేవు కాదు, కాస్త తగ్గండి," అన్నాడు. హాలంతా తిరిగి చూసింది. త్రినాథరావు భార్య వైపు చూశాడు. ఆమె తన ఆకు వైపు చూసింది. ఆ పూట ఆయన మళ్లీ మాట్లాడలేదు.

హైమవతి హైదరాబాద్‌లోని ఒక ధ్వని పరిశోధనాలయంలో శాస్త్రవేత్త. ఆ హోటలు సంగతి జరిగిన మర్నాడు ఆమె ఒక కాగితం మీద మొదటి లెక్క వేసింది. మౌనతెర ఎలా పుట్టిందని పత్రికలవాళ్లు అడిగినప్పుడు ఆసుపత్రుల గురించీ బడుల గురించీ చెప్పింది. హోటలు సంగతి ఎవరికీ చెప్పలేదు.

మౌనతెర పనిచేసే తీరు ఇది. శబ్దం గాలిలో అలలా వస్తుంది. ఆ అల ఎత్తుగా ఉన్న చోట పల్లంగా, పల్లంగా ఉన్న చోట ఎత్తుగా ఉండే మరో అలను అదే క్షణంలో పంపిస్తే రెండూ కలిసి చదునవుతాయి. ఈ రెండో అలకు హైమవతి ప్రతితరంగం అని పేరు పెట్టింది. బల్ల అంచున ఆవగింజంత స్పీకర్లు నూట ఇరవై ఉంటాయి. అవి ఒక్కొక్క కుర్చీకి విడివిడిగా ప్రతితరంగాన్ని పంపుతాయి. చెవిలో ఏమీ పెట్టుకోనక్కర్లేదు. కుర్చీలో కూర్చుంటే తెర దిగుతుంది. ఆ కుర్చీకి ఏ శబ్దం ఇబ్బందిగా ఉందో యంత్రం గుండె వేగాన్నీ చేతి చెమటనూ బట్టి తెలుసుకుంటుంది. ఇదే యంత్రం బల్ల దగ్గర అడిగినవి విని వంటింటికి కబురు కూడా పంపుతుంది.

మొదటి ఏడాది ఒక చిక్కు వచ్చింది. పెదాలు కదులుతూ మాట వినపడకపోతే మనుషులకు తినబుద్ధి కాలేదు. సగంలో లేచిపోయారు. అందుకని తీసేసిన గొంతు స్థానంలో యంత్రమే ఒక గొంతును అల్లి పెట్టేలా మార్చారు. మనిషి అతనే, స్వరం అతనిదే, స్థాయి తక్కువ. మాట మాత్రం వినేవారికి ఇబ్బంది కలగనిది. దీనికి పూరణ అని పేరు. పూరణ వచ్చాక లేచిపోవడాలు ఆగాయి.

ఒకే బల్ల దగ్గర కూర్చున్న మనిషి గొంతును తీసేయాలంటే మాత్రం యంత్రం ముందుగా అడగాలి. బల్ల అంచు మీద ప్రశ్న వెలుగుతుంది, జవాబు నోటితో చెప్పాలి. ఈ జవాబు దగ్గర మరో చిక్కు వచ్చింది. దాన్ని పట్టుకున్నది హైమవతి దగ్గర పనిచేసే నస్రీన్.

"మేడమ్, ఇది మనవాళ్ల వద్దును వద్దనే అనుకుంటోంది," అంది నస్రీన్ ఒకరోజు. "వంటింటికి కబురు పంపడం మానేస్తోంది. జనం ఆకలితో లేచిపోతున్నారు."

ఆమె వడ్డన వీడియో ఒకటి పెట్టి చూపించింది. వడ్డించే మనిషి గరిటె పట్టుకుని వంగాడు. తినే మనిషి వద్దన్నాడు. గరిటె ఆగింది. తినే మనిషి గరిటె వైపు చూశాడు.

హైమవతి నవ్వింది. "మొదటి వద్దు మర్యాదమ్మా. రెండో వద్దు మొహమాటం."

"మరి మూడోది?"

"మూడోది నిజం."

"మూడోదీ నమ్మడానికి లేదు మేడమ్. మా మేనత్త మూడుసార్లూ వద్దని నాలుగు గారెలు తింది."

"అయితే ఆకు మడిస్తే తప్ప నమ్మొద్దని చెప్పు," అంది హైమవతి.

నాలుగు వేల గంటల వడ్డన వీడియోలు పెట్టి యంత్రానికి ఆ సంగతి నేర్పారు. వద్దన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు, మనిషి తింటూనే ఉంటే అది కావాలని, ఆకు మడిస్తేనే చాలని. వంటింటి ఫిర్యాదులు వారంలో ఆగిపోయాయి. ఈ నియమం వడ్డనకు మాత్రమే అని రాయాలన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

వారిజ భోజనశాలలో తెర పెట్టి రెండేళ్లయింది. అప్పటినుంచి హైమవతి ఆదివారం ఉదయం విమానంలో విశాఖ వస్తుంది. మధ్యాహ్నం ఇక్కడ భర్తతో భోజనం చేస్తుంది. మూడింటికి తెరల తనిఖీ, ఐదున్నరకు తిరుగు విమానం. వాళ్ల కాపురం వారానికి రెండు గంటలు, ఈ బల్ల దగ్గర. మిగతా రోజుల్లో ఫోన్‌లో రాసుకుంటారు. ఆయన ఫోన్ చేస్తే పరిశోధనాలయంలో పక్క గది దాకా వినపడుతోందని ఆమే రాయమంది.

గత మూడు ఆదివారాలు ఆమె రాలేదు. ఢిల్లీలో సభలు ఉన్నాయి. సెప్టెంబరు 19న ఆయన దగ్గర్నుంచి ఒక సందేశం వచ్చింది. "అయిపోయింది. కులాసా." రేవులో పూడిక పని అనుకుని ఆమె ఒక పువ్వు బొమ్మ పంపింది.

సింహాద్రి పెరుగు గిన్నె బల్ల మీద పెట్టి, పెరుగన్నం గిన్నె త్రినాథరావు ముందు పెట్టాడు. అన్నాన్ని మెత్తగా పిసికి తెచ్చాడు. సింహాద్రికి యాభై ఎనిమిదేళ్లు. తెర రాకముందు నుంచీ ఇక్కడ వడ్డిస్తున్నాడు. అతను హైమవతి వైపు వంగాడు.

"పెరుగు వేయమంటారా అమ్మా?" అని వినపడింది.

హైమవతి అతని పెదాలు చూసింది. ఆ మాటకు పట్టేదానికన్నా ఎక్కువసేపు కదిలాయి. సింహాద్రి ఆగాడు, మళ్లీ పెదాలు కదిపాడు.

"పెరుగు వేయమంటారా అమ్మా?"

అతను నిటారుగా నిలబడి, చేత్తో రమ్మని సైగ చేశాడు. తెరలో ఏదో లోపం ఉందని చూపించబోతున్నాడని హైమవతి అనుకుంది. ఎంగిలి చేత్తోనే లేచింది.

హాలు పక్కన వడ్డించేవాళ్లు తిరిగే సందు ఒకటి ఉంది. అక్కడ తెర ఉండదు, ఉంటే వాళ్లకు పిలుపులు వినపడవు. తనిఖీలు హాలు ఖాళీ అయ్యాక జరుగుతాయి కాబట్టి జనం ఉన్నప్పుడు హైమవతి ఆ సందులోకి ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు అడుగు పెట్టి, ఎడమచేత్తో ఒక చెవి మూసుకుంది. రెండో చెవి మూసుకోవడానికి చేయి ఖాళీ లేదు.

అరవై రెండు బల్లల దగ్గరా మనుషులు అరుస్తున్నారు. కోపంతో కాదు. పప్పు అందుకోమని అరుస్తున్నారు, పిల్లల పరీక్షల గురించి అరుస్తున్నారు. గోడకు ఉన్న మీటరు నూట నాలుగు డెసిబెల్స్ చూపిస్తోంది. డ్రెడ్జర్ ఇంజన్ గదిలో అంత ఉంటుంది.

"ఇంత గోలేమిటి సింహాద్రీ?" అని ఆమె అరిచింది.

సింహాద్రి ఒక చెవిలోంచి దూది తీశాడు. "గోలేటమ్మా, ఈయేల తక్కువే. ఎవులికీ ఇనబడదు కదా, ఇంకెవులు తగ్గుతారు?"

"నన్నెందుకు పిలిచావు?"

"బల్ల కాడ సెప్తంటే మీకు ఎక్కట్నేదు కదమ్మా, అందుకు." అతను ఆమె చెవి దగ్గరకు వచ్చాడు. "తమరేటి బాబుని జలుబా అనడుగుతన్నారు? మందేసుకున్నారా అంతన్నారు? బాబేటని సెప్పగలరు?"

"చెప్పారుగా. జలుబన్నారు."

సింహాద్రి ఆమె మొహం చూశాడు.

"అమ్మా, బాబుకి గొంతు నేదు కదా. పీకలోది కోసి తీసేసినారు కదా. ఇరవై రోజులయ్యింది."

అతను వినపడలేదేమోనని మళ్లీ చెప్పాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవులు సెప్పడమేటి, ఆసుపత్రికి ఎల్లింది నానే కదా కూడా. బాబు మీకు సెప్పినారు కదమ్మా. ఏసంకాలం నుంచి ఈ బల్ల కాడే సెప్తన్నారు, నాను వడ్డిత్తా ఇన్నాను. మొదటి ఆదోరం ఏడ్సినారు కూడాను. తమరు నవ్వినారు. సాంబారు బాగున్నాదన్నారు." అతను దూదిని వేళ్ల మధ్య నలిపాడు. "పెద్దోలు, గుండె దిటవు అనుకున్నాను. ఈయేల మరి జలుబా అనడుగుతుంటే ఉండబట్టనేకపోయాను."

సందు చివర తెర నియంత్రణ గది ఉంది. హైమవతి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. చేతికి సాంబారు అన్నం ఎండి అంటుకుని ఉంది.

"చెప్పండి, డాక్టర్ హైమవతి," అంది యంత్రం.

"పన్నెండో బల్ల. ఎదుటి కుర్చీ గొంతు నాకు ఎప్పట్నుంచి తీసేస్తున్నావు?"

"గత ఏడాది ఆగస్టు మూడో ఆదివారం నుంచి. నలభై ఒక్క భోజనాలు."

"నేను తీసెయ్యమన్నానా?"

"నేను అడిగాను. మీరు వద్దన్నారు. మళ్లీ అడిగాను. మళ్లీ వద్దన్నారు."

"మరి?"

"ఆకు మడవలేదు. అన్నం కలుపుకున్నారు. గొంతు తగ్గించి చూశాను. మీ చేతి చెమట ఆరింది. గుండె వేగం డెబ్భైకి వచ్చింది."

హైమవతికి ఆ ఆదివారం గుర్తొచ్చింది. బల్ల అంచున ప్రశ్న వెలిగితే నవ్వుకుంది. ఇంత మంచి మనిషి గొంతు తీసేయమంటానా అనుకుంది. వద్దంది. ఆ పూట భోజనం హాయిగా జరిగింది.

"మే నెలలో ఆయన ఏం చెప్పారు?"

"స్వరపేటికలో క్యాన్సర్ అని చెప్పారు. నేను మీకు ఇచ్చిన మాట, సాంబారు ఎలా ఉందని."

"నేను బాగుందన్నాను."

"బాగుందన్నారు. ఆ మాట ఆయన విన్నారు. అప్పటిదాకా ఆయనకు మీ అసలు గొంతే వెళ్లేది. ఆ మాటకు ఆయన గుండె వేగం నూట ముప్పైకి చేరింది. మీ గొంతు తీసేయమంటారా అని ఆయన్ని అడిగాను. నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ వద్దన్నారు."

"ఆకు?"

"ఆకులో అన్నం ఉండగా ఆయన మడవరు."

అది నిజం. నెలల తరబడి సముద్రం మీద రేషన్ తిండి తిన్న మనిషి. మెతుకు వదలడు.

"అప్పట్నుంచి ఆయనతో నేనేం మాట్లాడాను?"

"నేనున్నాను, భయపడకండి అన్నారు. ఇంకా చాలా అన్నారు. ఈ రోజు, మీ పెదాలు చూస్తే నాకు తెలిసిపోతోంది, రాయనక్కర్లేదు అన్నారు. ఆయన జేబులోంచి తీసిన పలక మళ్లీ జేబులో పెట్టుకున్నారు."

"ఆపరేషన్‌కి నేను రాలేదు కదా. దానికేమన్నాను?"

"ఆయనే రావద్దన్నారు. ఢిల్లీ సభ ఉందిగా, నువ్వు రావద్దు అన్నారు."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే. వస్తానని మీ తరఫున నేను చెప్పలేను, వచ్చేది మీరు కనుక. అలాగే అని చెప్పాను. ఆయన రెండోసారి అనలేదు."

బయట ఎవరో పెద్దగా నవ్వారు. తలుపు మీద చేయి వేస్తే అదురు తెలిసింది.

"ఆయన మాటలు నాకు వినిపించు. మే నుంచి సెప్టెంబరు దాకా. అసలు గొంతు."

"తీసేసిన శబ్దాన్ని భద్రపరచకూడదన్నది మూడో నియమం. చట్టసభ కమిటీ ముందు దాన్ని కోరింది మీరే."

"పూర్తిగా చెరిపేశావా?"

"అదే క్షణంలో చెరిగిపోతుంది. ఆయన చెప్పిన విషయం ఒక్కో వాక్యంలో రాసుకుంటాను. గొంతు ఉండదు. పూరణ గొంతు మాత్రం ఉంది. అందులో ఆయన అన్న మాట ఏదీ లేదు."

ఇంట్లో పాత వీడియోల్లో త్రినాథరావు గొంతు ఉంది. గృహప్రవేశం నాడు మేస్త్రీలను కేకలేసింది ఉంది. ఈ బల్ల దగ్గర ఆమెకు చెప్పుకున్నది ఎక్కడా లేదు.

"ఆఖరిసారి ఏం మాట్లాడారు? సెప్టెంబరు పదకొండున?"

"హోటల్లో ఎవరో అరవొద్దన్న సంగతి ఎత్తారు. ఇకమీదట ఆ ఇబ్బంది నీకు ఉండదులే అన్నారు."

"నేనేం విన్నాను?"

"అప్పడాలు బాగా వేగాయి అని."

ఆమె తలుపు వైపు తిరిగింది. "హాలంతటికీ తెర తీసెయ్యి," అంది.

"అరవై రెండు బల్లల సమ్మతి కావాలి."

"పన్నెండో బల్లకి తీసెయ్యి."

"మీ కుర్చీకి మీ ఆకు, ఆయన కుర్చీకి ఆయన ఆకు. మడిస్తే చాలు."

హైమవతి సందు దాటి వచ్చి కుర్చీలో కూర్చుంది. కూర్చున్న క్షణంలో హాలు నిశ్శబ్దమైంది. త్రినాథరావు పెరుగన్నం సగం తిన్నాడు. ఒక్కో ముద్ద మింగడానికి ఆగుతున్నాడు. మింగేటప్పుడు మఫ్లర్ మీద వేలు పెట్టి నొక్కుతున్నాడు. ఇందాక చారన్నం కూడా అలాగే తిన్నాడు. ఇందాక ఆమె అప్పడం తింటోంది.

ఆయన తలెత్తి పెదాలు కదిపాడు.

"ఎక్కడికెళ్లావు హైమా? సింహాద్రి ఏదో పని చెప్పాడా?"

"నాకు తెలియదండీ," అంది ఆమె. "మీరు చెప్పింది ఒక్క మాటా నేను వినలేదు. ఇప్పుడే తెలిసింది. మే నుంచీ నేను వినలేదు. వింటే ఢిల్లీ వెళ్తానా?"

త్రినాథరావు వింటున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వాడు. ఎడమచేయి చాపి ఆమె మణికట్టు పట్టుకుని రెండుసార్లు తట్టాడు. ఆయనకు ఏం వినపడిందో ఆమెకు తెలియదు.

"అది నేను కాదు," అని ఆమె అరిచింది. "మీరు వింటున్నది నా మాట కాదు!"

ఆయన తల ఊపాడు. పదకొండో బల్ల దగ్గర క్రికెట్ వింటున్నాయన ఆమె నోటి వైపు ఒకసారి చూశాడు. తర్వాత చారు పోసుకున్నాడు.

బల్ల అంచున అక్షరాలు వెలిగాయి. ఎదుటివారికి గొంతు లేదని మీకు తెలిసింది. పూరణ కొనసాగించమంటారా?

"వద్దు," అంది హైమవతి.

ఆమె ఆకు అంచు పట్టుకుంది. మడిస్తే హాలు గోలంతా మీద పడుతుంది. ఆ గోలలో ఎదురుగా ఒక మనిషి పెదాలు కదుపుతూ కనిపిస్తాడు. ఆ పెదాలు చదవడం ఆమెకు రాదు. నేర్చుకోవాలి. బయటికి వెళ్లాక ఆయన పలక తీయమనాలి. వినలేదని ఈసారి రాసి చెప్పాలి. ఐదు నెలలు తోడున్నది భార్య కాదని ఆయన ఆ పలక మీద చదవాలి. అప్పుడు ఆమె ఆయన మొహం చూడాలి.

కొనసాగించమంటారా?

"వద్దు."

ఆకు అంచు రెండంగుళాలు లేచింది. కింద పప్పు నీరు ఆమె వైపు జారింది.

"తినవేం హైమా?" అన్నాడు త్రినాథరావు. గొంతు మెత్తగా ఉంది. "ఈ జలుబు ఎంతలే, రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పెరుగు వేసుకో."

ఆమె ఆ గొంతు విన్నది. చేతి చెమట ఆరడం ఆమెకే తెలిసింది.

కొనసాగించమంటారా?

మూడోసారి కూడా హైమవతి వద్దనే అంది. అని, ఆకు అంచు వదిలేసి, పెరుగన్నం కలుపుకుంది.